పక్షం వహించి రాసిన పుస్తకంతో చరిత్ర తెలుసుకోవచ్చా? (అమెరికాలో పాలస్తీనా–ఇజ్రాయెల్ పుస్తకాల మీద చర్చ)

నీలాటిరేవు:
నేను న్యూజెర్సీలో ఉంటాను. మా ఊరి లైబ్రరీ పాత పుస్తకాలు అమ్ముతుంటే ఒక డాలరుకి ‘మిత్స్ అండ్ ఫ్యాక్ట్స్’ పాత ప్రతి దొరికింది. అరబ్–ఇజ్రాయెల్ గొడవ మీద ఇజ్రాయెల్ పక్షాన రాసిన పుస్తకం. మొదటినుంచి చివరిదాకా ఒకటే పద్ధతి. పైన అరబ్బుల వాదన ఒక్క వాక్యంలో, ‘అపోహ’ అని. కింద పేరాలకు పేరాలు ‘వాస్తవం’ అని. మన పేపర్లలో షుగర్ జబ్బు మీద వేసే ‘అపోహలు–వాస్తవాలు’ బాక్సు గుర్తొచ్చింది. దీన్ని వేసింది ‘నియర్ ఈస్ట్ రిపోర్ట్’. 1957లో ఐ.ఎల్. కెనెన్ మొదలుపెట్టిన పత్రిక అది. ఇజ్రాయెల్ తరఫు లాబీ ఐపాక్‌ను కట్టింది కూడా ఆయనే.

పక్షం వహించడం తప్పని నేను అనను. కానీ మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం అని ఒకటుంది. ఎదుటివాడు విని “అవును, నేను అంటున్నది ఇదే” అనేలా ముందు వాడి వాదన చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. ఇక్కడ ఎదుటివాడి మాటను రచయితే తనకు వీలుగా కుదించి, తనే కొట్టేస్తున్నాడు. సగటు అమెరికన్‌కి ఇదే చరిత్ర అయితే ఎలా? మీరేమంటారు?

కొత్తపల్లి_మాస్టారు:
పూర్వపక్షం పండితుల సభలో నడుస్తుందండీ. మాట వినేవాడే లేనివాడు ఏం చెయ్యాలి? 1967 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత కొందరు అమెరికన్లు కలిసి ‘అమెరికన్స్ ఫర్ మిడిల్ ఈస్ట్ అండర్‌స్టాండింగ్’ అనే సంస్థ పెట్టి ‘ది లింక్’ అనే చిన్న పత్రిక నడిపారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు జరిగిన యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్లు ఇళ్లూ ఊళ్లూ వదిలి పోవాల్సి వచ్చింది. అది అక్కడి మామూలు పాఠకుడికి చేరాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని అచ్చు వెయ్యాలి కదా. పక్షం లేకుండా రాయమంటే గొంతు లేనివాడిని నోరు మూసుకోమన్నట్టే.

రేణుక_వైజాగ్:
ఇద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. నాకు అదే ముఖ్యం. 1963లో సెనేటర్ ఫుల్‌బ్రైట్ కమిటీ విచారణ జరిపింది. జెరూసలేంలోని జ్యూయిష్ ఏజెన్సీ (ఇజ్రాయెల్‌కు యూదుల వలసలు చూసే సంస్థ) డబ్బు అమెరికాలో సంస్థల చేతులు మారుతూ వెళ్లిందనీ, కొంత ‘నియర్ ఈస్ట్ రిపోర్ట్’ చందాలకు కూడా పోయిందనీ అందులో బయటపడింది. అటు చూస్తే ‘అమెరికన్ ఫ్రెండ్స్ ఆఫ్ ది మిడిల్ ఈస్ట్’. 1951లో పెట్టారు, జర్నలిస్టు డొరోతీ థాంప్సన్ దాని ముఖం. అరబ్బుల వైపు మొగ్గిన సంస్థ. దానికి సీఐఏ డబ్బు ఇస్తోందని 1967లో తేలింది. రెండు వైపులా చదివినవాళ్లు మోసపోయారు. వాదన ఎంత గట్టిగానైనా చేసుకోండి, అచ్చుకి డబ్బు ఎవరిచ్చారో మొదటి పేజీలో వెయ్యండి.

కొత్తపల్లి_మాస్టారు:
డబ్బు సొంతదే అయినా అబద్ధం అబద్ధమే కదమ్మా.

శ్రీధర్_పాతబస్తీ:
మాస్టారి మాటకు ఒక ఉదాహరణ. 1984లో జోన్ పీటర్స్ అనే ఆవిడ ‘ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్’ రాశారు. పాలస్తీనా అరబ్బుల్లో చాలామంది ఈమధ్య వలస వచ్చినవాళ్లేనని ఆవిడ వాదన. అమెరికా పత్రికలు ఆకాశానికెత్తాయి. అప్పుడు ప్రిన్స్‌టన్‌లో పరిశోధన చేస్తున్న నార్మన్ ఫింకెల్‌స్టీన్ కూర్చుని ఫుట్‌నోట్లు ఒక్కొక్కటే సరిచూశాడు. లెక్కలు తప్పు, ఉటంకింపులు సగం సగం. 1986లో యెహోషువా పొరాత్ కూడా ఆ పుస్తకాన్ని చీల్చి చెండాడారు. ఆయన ఇజ్రాయెల్ చరిత్రకారుడే. అది గమనించండి.

ఇంకోవైపూ చెప్పాలి. ‘కరిగిపోతున్న పాలస్తీనా’ అని నాలుగు మ్యాపులు వరసగా పెట్టి ప్రకటనలు వేస్తుంటారు, చూసే ఉంటారు. మొదటి మ్యాపులో యూదులు కొన్న భూమిని మాత్రమే వాళ్లదిగా చూపి, ప్రభుత్వ భూమితో సహా మిగతాదంతా పాలస్తీనా రంగు వేస్తారు. మూడో మ్యాపులో అప్పట్లో జోర్డాన్, ఈజిప్టు చేతుల్లో ఉన్న వెస్ట్ బ్యాంక్, గాజాలకూ అదే రంగు. సొంత ఆస్తి వేరు, పరిపాలన వేరు. ఈ మ్యాపులు ఒక కాలేజీ పాఠ్యపుస్తకంలోకి ఎక్కితే 2016లో మెక్‌గ్రా-హిల్ ఆ పుస్తకాన్నే వెనక్కి తీసుకుంది. జనం భూమి పోగొట్టుకున్నది నిజం. ఆ నిజం చెప్పడానికి తప్పు మ్యాపు ఎందుకన్నా?

రేణుక_వైజాగ్:
ఇక్కడే ఒక తేడా ఉంది. పీటర్స్ పుస్తకంలో ఫుట్‌నోట్లు ఉన్నాయి కాబట్టి ఒక విద్యార్థి పట్టుకోగలిగాడు. మ్యాపుకి ఫుట్‌నోట్ ఉండదు. కన్ను చూడగానే నమ్మేస్తుంది.

నీలాటిరేవు:
అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, మీ మాటకు తల ఒగ్గుతున్నాను. గొంతు లేనివాడు పత్రిక పెట్టుకోవడాన్ని తప్పు పట్టను. రేణుక గారి షరతు కూడా ఒప్పుకుంటాను. కానీ నా బాధ తీరలేదు. పొగిడిన సమీక్ష మొదటి నెలలోనే వస్తుంది, తప్పు దిద్దే వ్యాసం ఏడాది రెండేళ్లకు వస్తుంది. ఈలోపు చదివినవాడు ఓటు వేసేసి ఉంటాడు.

నా ప్రతిలో ఒకటి చెప్పడం మరిచాను. నాకంటే ముందు చదివినవాళ్లెవరో, చాలా పేజీల్లో ‘అపోహ’ పక్కన పెన్సిల్‌తో చిన్నగా ఒకే మాట రాసుకుంటూ వెళ్లారు: “ఇలా అన్నదెవరు?” నేను చూసినంత మేరకు ఆ పేజీల్లో ఎక్కడా ఒక్క పేరు లేదు.