డిసెంబరులో ఊరికి వస్తున్నాను, పిల్లవాడిని ఎక్కడికి తీసుకువెళ్లాలి?

భవానీనగర్, ఇప్పుడు న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. నేను ఈ దేశం వచ్చి తొమ్మిది నెలలైంది. విదేశాల్లో ఉన్న మన ప్రాంతం వారి ఈ బృందం పెద్దలు తిరుపతిలోని ఒక వసతి గృహం పిల్లలకు మెంటార్లను, అంటే తోడుగా ఉండి మాట్లాడే పెద్దవారిని, జతచేస్తున్నారని తెలిసి నేనూ పేరు ఇచ్చాను. నాకు జతపడిన బాబుకు పదకొండేళ్లు, ఆరో తరగతి. ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటాం. మొదట్లో అన్నం తిన్నావా, బడికి వెళ్లావా అన్న రెండు ప్రశ్నలతోనే మాటలు అయిపోయేవి. ఇప్పుడు కాస్త నయం.

డిసెంబరులో పన్నెండు రోజులు ఊరికి వస్తున్నాను. అందులో రెండు రోజులు పూర్తిగా బాబుతో గడపాలని ఉంది. తిరుపతిలోనే పుట్టి పెరిగాను కానీ ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఊరు చూపించిన అనుభవం లేదు. ఎక్కడికి తీసుకువెళితే బాగుంటుంది? అప్పటిదాకా ఫోనులో ఇద్దరం కలిసి ఏమి చేయవచ్చు?

కొర్లగుంట, ఇప్పుడు డాలస్

తమ్ముడూ, పంతొమ్మిదేళ్లుగా ప్రతి సెలవుల్లో ఈ పని చేస్తున్నాను. ఒక రోజు జంతు ప్రదర్శనశాల, ఇంకో రోజు చంద్రగిరి కోట. ఇంతకు మించి ఆలోచించవద్దు.

మన జంతు ప్రదర్శనశాల 1987లో మొదలైంది. శేషాచలం పాదాల దగ్గర ఐదు వేల ఎకరాలకు పైగా ఉంటుంది, కాబట్టి నడిచి చూద్దామనుకుంటే పిల్లవాడు సగంలోనే కూలబడతాడు. లోపల తిరగడానికి ఉన్న బండి ఎక్కండి. మంగళవారం సెలవు. చంద్రగిరి కోటలో మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ రెండు సెలవు రోజులూ కాగితం మీద రాసి పెట్టుకోండి.

కోటలో రాజమహల్ ముందు నిలబెట్టి, ఈ మూడంతస్తుల కట్టడంలో కలప వాడలేదని చెప్పండి. రాయి, ఇటుక, సున్నం, అంతే. మరి పైకప్పు ఎలా నిలిచిందని వాడే అడుగుతాడు. సమాధానం మీరు చెప్పకండి, లోపలికి తీసుకువెళ్లి తలెత్తి చూడమనండి. వర్షం పడితే అలిపిరి వైపున ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. అక్కడ వస్తువులను ముట్టుకోనిస్తారు. పదకొండేళ్ల వాడికి అది పెద్ద విషయం.

చంద్రగిరి, ఇప్పుడు మెల్‌బోర్న్

అన్న చెప్పినవన్నీ మంచి చోట్లే. కానీ తమ్ముడూ, అక్కడికి చేరాలంటే ముందు వసతి గృహం గేటు దాటాలి. నాకు జరిగింది చెబుతాను, ఓపికగా చదవండి.

కొన్నేళ్ల కిందట ఒక జనవరిలో నాకు జతపడిన బాబు కోసం వచ్చాను. ముందు రోజు ఫోను చేస్తే ఆ వసతి గృహం వారు, రండి సార్, బాబును తయారుచేసి ఉంచుతాం అన్నారు. ఉదయం ఏడు గంటలకు కారు మాట్లాడుకుని వెళ్లాను. బాబు కొత్త చొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని గేటు లోపల నిలబడి ఉన్నాడు. గేటు దగ్గరున్న ఆమె పంపనన్నది. సంరక్షకుల సంతకం ఉన్న ఉత్తరం, దాని మీద పై కార్యాలయం వారి ముద్ర ఉండాలట. నా దగ్గర పాస్‌పోర్టు ఉంది, బృందం పంపిన లేఖ ఫోనులో ఉంది. మీరెవరో నాకు తెలియదు అన్నది ఆమె. నేను గొంతు పెంచాను. బాబు నన్ను చూస్తున్నాడని తరువాత గమనించాను. తల దించుకుని చొక్కా గుండీ తిప్పుతున్నాడు.

ఆ కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా పది గంటలకు వచ్చాడు. రెండు ఫోటోలు, పాస్‌పోర్టు నకలు, ఊళ్లో ఎక్కడ దిగారో ఆ చిరునామా రుజువు తెమ్మన్నాడు. జిరాక్సు దుకాణంలో కరెంటు లేదు. వచ్చేసరికి పన్నెండు దాటింది. నకలు ఇస్తే, దిగిన ఇల్లు మా పిన్నిది కాబట్టి ఆమె కూడా సంతకం పెట్టాలన్నారు. ఆమెను ఆటోలో తీసుకువచ్చాను. అధికారి సమావేశానికి వెళ్లారు. మూడున్నరకు సంతకం అయింది. బాబు అదే చొక్కాతో అదే చోట కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లోపలికి వెళ్లలేదట, నేను వచ్చి వెళ్లిపోతానేమోనని.

నేరుగా జంతు ప్రదర్శనశాలకు వెళ్లాం. ఆ రోజు మంగళవారం. గేటుకు తాళం. నాకు నోట మాట రాలేదు. బాబు మాత్రం, సార్, నెమలి అరుస్తోంది వినండి అన్నాడు. ఆ మూసిన గేటు ముందు రాయి మీద కూర్చుని అరగంట నెమళ్ల అరుపులు లెక్కపెట్టాం. పదిహేడు. తరువాత వేడి బజ్జీలు తిన్నాం, ఆరు గంటలకు తిరిగి అప్పగించాను. ఆ పదిహేడు గురించి వాడు ఇప్పటికీ మాట్లాడతాడు.

ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా ఇప్పుడు చెబుతున్నాను, గేటు దగ్గరున్న ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. కారులో వచ్చిన ఎవరో ఒకరి చేతిలో పిల్లవాడిని పెట్టకూడదు. తప్పు ఎక్కడంటే, ఆ సంగతి ముందు రోజు ఫోనులో చెప్పకపోవడంలో. కాబట్టి నెల ముందే అడగండి. ఏ కాగితం కావాలో, ఎవరి సంతకం కావాలో, ఎన్ని గంటలకు తిరిగి అప్పగించాలో రాతలో తెప్పించుకోండి. వసతి గృహం నుంచి ఒక పెద్దవారు మీ వెంట వస్తామంటే సంతోషంగా తీసుకువెళ్లండి. వారికీ ఒక టికెట్టు కొనండి.

చిత్తూరు గ్రీమ్స్‌పేట, ఇప్పుడు సింగపూర్

ఇంకో మాట కూడా చేర్చాలి. ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ముఖం, బడి, ఇల్లు తెలిసేలా ప్రచురించకూడదు. ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఫోటో తీసుకుంటే అచ్చు వేయించి బాబుకే ఇవ్వండి.

డబ్బు విషయం కూడా తెలుసుకోండి. విదేశం నుంచి రూపాయి పంపినా ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే పంపాలి.

కొర్లగుంట, ఇప్పుడు డాలస్

ఫోటోల గురించి చెప్పింది నిజం. డబ్బు గురించి సగమే నిజం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్న నాలాంటి వారికి మాత్రం మీరు చెప్పిన నియమం వర్తిస్తుంది. భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీయుల కిందే లెక్క. ఈ తమ్ముడు నిన్న మొన్న వెళ్లినవాడు, అతడిని భయపెట్టవద్దు.

అయినా అతడు డబ్బు గురించి అడగలేదు. తమ్ముడూ, ఇంకో మంచి ఆలోచన. అలిపిరి నుంచి మెట్లెక్కించండి. మూడు వేల ఐదు వందలకు పైగా మెట్లు. గాలిగోపురం చేరేసరికి వాడి గుండెల్లో ఉన్న మాటలన్నీ బయటికి వస్తాయి. నేను మా వాళ్లందరినీ అలాగే ఎక్కించాను.

పీలేరు, ఇప్పుడు టొరంటో

అన్నా, మీ మాట కాదనడం నాకు ఇష్టం లేదు, కానీ ఈ ఒక్క విషయంలో ఊరుకోలేను. 2023 ఆగస్టులో ఆ నడకదారిలోనే చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ వెంటనే మధ్యాహ్నం రెండు గంటల తరువాత పదిహేనేళ్ల లోపు పిల్లలను దేవస్థానం వారు పంపడం ఆపారు. పరాయి బిడ్డను తీసుకువెళుతున్నప్పుడు మన పట్టుదల పక్కన పెట్టాలి.

కొర్లగుంట, ఇప్పుడు డాలస్

ఆ వయసును తరువాత పన్నెండుకు తగ్గించారు. తెల్లవారుజామున బయలుదేరితే ఇబ్బంది లేదు. ఎంతమంది పిల్లలు ఎక్కడం లేదు?

పీలేరు, ఇప్పుడు టొరంటో

పదిహేనైనా పన్నెండైనా, ఈ బాబుకు పదకొండు. లెక్క మారదు. బస్సులో కొండకు వెళ్లి శిలాతోరణం చూపించమనండి. ఆ రాతి తోరణాన్ని ఎవరూ చెక్కలేదు, గాలీ నీరూ కోట్ల ఏళ్లు పనిచేశాయి. జాతీయ భూవైజ్ఞానిక స్మారకం అది. మాది తలకోన దగ్గర కాబట్టి దాని గురించీ చెప్పాలి. 270 అడుగుల జలపాతం, చెట్ల మీదుగా తాళ్ల వంతెన, ఏనుగు తొండంలా లావైన గిల్లతీగలు. కానీ డిసెంబరు వానల్లో నీళ్లు ఉధృతంగా ఉంటే దారి మూసివేస్తారు. తలకోన మాట బాబుకు ముందే ఇవ్వకండి. మాట ఇచ్చి తప్పితే, మనం మరిచిపోయినా వాళ్లు మరిచిపోరు.

శ్రీకాళహస్తి, ఇప్పుడు లెస్టర్

అన్నలిద్దరూ చూసే చోట్లు చెబుతున్నారు. చేసే చోటికి తీసుకువెళ్లమని నేను అంటాను. మా ఊరు తిరుపతికి గంట దూరం. కలంకారీ పనివారిని ముందే అడిగి ఒక పూట కూర్చోండి.

మా నాన్నగారి అన్న ఇంట్లో నేను చూసిందే చెబుతున్నాను. ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు చెదరదు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో కడతారు, అదే కలం. నల్ల సిరా కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీత గీస్తే మొదట నీరుకాఫీ రంగులో కనిపిస్తుంది. మీ కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి చేసే పని అది. ఆ క్షణంలో పిల్లల ముఖం చూడాలి. సైన్సు పుస్తకంలో ఒక పేజీ తమ చేతి కింద నిజమైనట్టు చూస్తారు. పెడన కలంకారీలో అచ్చులు వాడతారు, మా దగ్గర అంతా చేతి గీతే.

మా అన్న కొడుకు ఒక్క చేప బొమ్మ గీయడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ వాడు నోరు తెరవలేదు, నేనూ తెరవలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆగకుండా మాట్లాడాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే పిల్లలు ముడుచుకుపోతారు. చేతులకు పని ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

సూళ్లూరుపేట, ఇప్పుడు శాన్ హోసే

ఆమె చెప్పింది నిజం. అయితే డిసెంబరు అంటే మా వైపు పక్షుల కాలం. నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి ఉంటాయి. ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకం తీసుకువెళ్లండి. రాకెట్టు ప్రయోగం కూడా ఆ రోజుల్లో ఉంటే శ్రీహరికోటలో జనం చూడటానికి గ్యాలరీ ఉంది, ముందే పేర్లు నమోదు చేసుకోవాలి. ప్రయోగం వాయిదా పడవచ్చు కాబట్టి రోజంతా దాని మీదే పెట్టుకోవద్దు.

ఫోనులో ఏమి చేయాలని అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. పులి మేక ఆడండి. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే ఇరవై మూడు చోట్లు. ఇద్దరూ కాగితం మీద ఒకే పటం గీసుకుని ఆ చోట్లకు అంకెలు వేసుకోండి. చింతగింజలు అక్కడ, బొత్తాలు ఇక్కడ. అంకె చెబితే ఎత్తు అయిపోతుంది. వారానికి ఐదారు ఎత్తులు ఆడి ఆపండి. వచ్చే ఆదివారం దాకా ఇద్దరి తలలోనూ ఆట నడుస్తూనే ఉంటుంది. నేనూ నాకు జతపడిన పాపా ఒకే ఆట రెండున్నర నెలలు ఆడాం.

ఇంకొకటి, ఇది కొత్తగా వచ్చినవారు ఎవరూ ముందుగా గుర్తించరు. నవంబరు మొదటి ఆదివారం మీ దగ్గర గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది. మీ ఉదయం ఎనిమిది ఇప్పటిదాకా తిరుపతిలో సాయంత్రం ఐదున్నర. ఆ రోజు నుంచి ఆరున్నర. మొదటి ఏడాది నేను ఆ మాట చెప్పడం మరిచిపోయాను. మా పాప వార్డెను గది బయట గంటసేపు నిలబడింది. ముందు వారమే చెప్పండి.

భవానీనగర్, ఇప్పుడు న్యూజెర్సీ

ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. గడియారం సంగతి నాకు అసలు తట్టలేదు. వసతి గృహానికి ఉత్తరం రాశాను. కావలసిన కాగితాల జాబితా పంపారు, మెల్‌బోర్న్ అన్నకు అయినట్టు పిన్నిది కాదు గానీ మా అమ్మ సంతకం కావాలన్నారు.

నిన్న బాబుకు అన్నీ చదివి వినిపించాను. కోట, పక్షులు, కలంకారీ, శిలాతోరణం. అన్నిటికీ సరే అన్నాడు. నీకు ఏది ఇష్టమని మళ్లీ అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, అన్నా, నారాయణవనంలో మా అవ్వ ఉంది, బస్సులో ముందు సీటులో కూర్చుని వెళ్దామా అన్నాడు. వసతి గృహం వారు అభ్యంతరం లేదన్నారు, వారి మనిషి ఒకరు తోడు వస్తారు. మొదటి రోజు అక్కడికే. రెండో రోజు కాళహస్తి, అక్క చెప్పిన చేప బొమ్మ కోసం. తిరుపతి నుంచి నారాయణవనానికి బస్సు సంగతి ఎవరికైనా తెలుసా?

పుత్తూరు, ఇప్పుడు కువైట్

మా ఊరి మీదుగానే వెళ్లాలి తమ్ముడూ. తిరుపతి పెద్ద బస్టాండులో పుత్తూరు బస్సు ఎక్కండి, పుత్తూరులో మారండి. అక్కడి నుంచి దగ్గరే, షేరు ఆటోలు కూడా ఉంటాయి. ముందు సీటు కావాలంటే బస్సు బయలుదేరే చోటే ఎక్కాలి, దారిలో ఎక్కితే దొరకదు. అవ్వకు ముందుగా కబురు పంపండి, లేకపోతే మీరు వెళ్లేసరికి పొలానికి పోయి ఉంటుంది. కైలాసకోన జలపాతం అక్కడికి దగ్గరే, మధ్యాహ్నం తరువాత సమయం ఉంటే వెళ్లండి. బాబుకు ఒక జత బట్టలు, తువ్వాలు మరిచిపోవద్దు.