‘ఎగబాకడం’: ప్రివిలేజ్ ఎస్కలేషన్‌కు తెలుగు మాట

అమలాపురంలో డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ భద్రత చెబుతున్నాను. కంప్యూటర్‌లో నడిచిన ఆదేశాల చిట్టా (లాగ్) చదివి దొంగను పట్టే పాఠం తెలుగులో రాస్తుంటే ‘ప్రివిలేజ్ ఎస్కలేషన్’ దగ్గర కలం ఆగింది. కొందరు ‘అధికార వృద్ధి’ అంటున్నారు. నాకది ససేమిరా నచ్చలేదు. వృద్ధి వంశానికో పంటకో జరిగే మంచి. ఇక్కడ మామూలు ఖాతాతో వచ్చినవాడు తనకివ్వని రూట్ అధికారాన్ని, అంటే యంత్రమంతటిపై చెల్లే అధికారాన్ని, అందుకుంటున్నాడు.

నా ప్రతిపాదన ‘ఎగబాకడం’. ఎగ అంటే పైకి, బాకు అన్నది ప్రాకు. పాత రూపం ఎగబ్రాకు. కొబ్బరి మానును పట్టుకుని పాకే మిరియాల తీగ మా కోనసీమ వాళ్లకు తెలుసు. పాకడానికి పట్టు కావాలి. చిట్టాలో కనిపించేదీ ఆ పట్టు కోసం తడుముకోవడమే: తానెవరో అడిగే ‘హూయామ్‌ఐ’, వేరొకరి హక్కులతో, మామూలుగా రూట్ హక్కులతో, ఆదేశాన్ని నడిపించే ‘సుడో’ తనకేమేం అనుమతిస్తుందో అడగడం, ఎవరు నడిపినా ఆ ఫైలు యజమాని హక్కులతోనే నడిచే సెట్‌యూఐడీ ఫైళ్ల కోసం ‘ఫైండ్’తో డిస్కంతా గాలించడం. విడివిడిగా ఇవేవీ నేరం కావు, నిర్వాహకులూ వాడతారు. గుమాస్తా ఖాతా నుంచి అర్ధరాత్రి మూడూ వరసగా వస్తే మాత్రం వెంటనే ఆరా తీయాలి. ఈ ప్రతిపాదనపై వచ్చిన మాటలు, వాటికి నా జవాబులు ఇవి:

— పత్రికల్లో బంగారం ధర కూడా ఎగబాకుతుంది, జట్టు రెండో స్థానానికి ఎగబాకుతుంది. ఆ మాటలో తప్పు చేశాడన్న ధ్వని ఏది? ‘చొరబాటు’ అనండి.

— చొరబాటు బయటినుంచి లోపలికండీ. ఇతడు ముందే లోపల ఉన్నాడు, కిందినుంచి పైకి పోతున్నాడు. అయితే తప్పు ధ్వనించాలన్న మీ మాట నిజమే.

— మాది ధవళేశ్వరం. కాలువలో నీటి మట్టం మారేచోట పడవలను దాటించే తలుపుల గది లాకు. అందులోకి పడవ వచ్చాక తలుపులు మూసి, నీరు నింపి పై మట్టానికి ఎత్తుతారు. సుడో అలాంటిదే కదా, ఎవరు ఏ ఆదేశం కోసం పైకి వెళ్లారో రాసి పెడుతుంది. దాన్ని ‘ఎక్కించడం’ అనండి, దొంగదారిని ‘ఎగబాకడం’ అనండి.

— ఈ జంట ఎంతో బాగుంది! లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎవరేం చేశారో నమోదు చేసే ఆడిట్ చిట్టాలో ఈ తేడా అంకెల్లోనే దొరుకుతుంది. లాగిన్ అయినప్పుడు పడే గుర్తింపు సంఖ్య ‘ఏయూఐడీ’, తర్వాత ఎవరిగా మారినా మామూలుగా మారదు. అది మామూలు ఖాతాదైన, ఉదాహరణకు 1001గా ఉండి, ఆదేశాలు అందుకునే షెల్ మాత్రం రూట్ సంఖ్య 0తో నడుస్తూ, మధ్యలో సుడో గానీ వేరే ఖాతాకు మార్చే ‘ఎస్‌యూ’ గానీ లేకపోతే ఎగబాకాడని అనుమానించాలి. ఒక్కోసారి లాకు తలుపుకే చిల్లు ఉంటుంది: 2011లో సుడోలో చేరిన లోపం 2021 జనవరిలో గానీ బయటపడలేదు. సుడో అనుమతి లేని ఖాతాదారు కూడా దానితో రూట్ కాగలిగేవాడు. సుడో గుండా వెళ్లినా అది ఎక్కించడం కాదు, ఎగబాకడమే. పాఠంలో అలాగే రాస్తున్నాను.