అప్‌డేట్: ఏ500 మినీ కొనేశాను

కీలు పనిచేయని బుల్లి కంప్యూటర్ కొనడం దండగేమో అని పోయిన నెల అడిగాను కదా, చివరికి ఏ500 మినీ తీసుకున్నాను. 1987 నాటి కమొడోర్ అమిగా 500 అనే ఇంటి కంప్యూటర్‌కి ఇది చిన్న నమూనా, 2022లో వచ్చింది. 25 గేమ్‌లు లోపలే ఉన్నాయి. కీబోర్డు ఉత్తి అచ్చే, టైప్ చేయాలంటే యూఎస్‌బీ కీబోర్డు తగిలించాలి. రెండో రోజుకే ఆ సంగతి మర్చిపోయాను.

కారణం మౌస్! పాత అమిగా మౌస్ లాగే రెండు బటన్లు, పెట్టెలాంటి ఆకారం. లోపల బంతి మాత్రం లేదు, ఆప్టికల్. ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) ఏళ్లుగా అమిగా గేమ్‌లు ఆడుతున్నాను. కానీ ఆ అంచులు అరచేతికి తగిలితే వచ్చే ఆనందమే వేరు. గేమ్‌ప్యాడ్ కూడా బాగుంది, అమిగా సీడీ32 అనే గేమ్ కన్సోల్‌తో వచ్చిన ప్యాడ్ పోలికే.

ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్. ఇప్పుడు మంచి జాయ్‌స్టిక్ వెతుకుతున్నాను.