పెటూనియాలు మూణ్ణాళ్ల ముచ్చటేనా? చలికాలం కుండీలు కొనాలా, మానాలా?

మల్కాజిగిరి మిద్దె:
నవంబర్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ నర్సరీ ముందు చూసినా పెటూనియాలు, డాలియాలు, పాన్సీలే. నిండుగా పూసిన కుండీ కనిపిస్తే కొనకుండా ఇంటికి రావడం కష్టం. తెచ్చి పెడితే సంక్రాంతి దాటాక కూడా మిద్దె కళకళలాడుతుంది, కాదనను. మార్చి సగానికి వచ్చేసరికి కాడలు సాగిపోతాయి, కింది ఆకులు పసుపెక్కుతాయి. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు తాకితే పెటూనియా, పాన్సీ ఒక్కటీ మిగలదు. నవంబర్ రాగానే మళ్లీ కొనుగోళ్లు మొదలు. మా కాలనీలో ఏటా వేలకు వేలు ఇలా పోసేవాళ్లున్నారు.

నా ఉద్దేశంలో ఇది పూలు అద్దెకు తెచ్చుకోవడమే. మన మొక్కలు ఏ కాలానికి ఆ కాలం పూసేవి ఎన్ని లేవు? మార్చి నుంచి జూన్ దాకా మల్లె. వానలకి సన్నజాజి, శంఖుపుష్పం. బతుకమ్మకి బంతి, గునుగు. చలికి చేమంతి, డిసెంబరాలు. మందారం, నందివర్ధనం, కనకాంబరం దాదాపు ఏడాదంతా. ఇవి ఉండగా మూడు నెలల మొక్కల మీద డబ్బు పోయడం ఎందుకు? మీరేమంటారు?

ఉప్పల్ మాస్టారు:
నూటికి నూరు పాళ్లు నిజం. పెటూనియా పూజకి పనికిరాదు, తల్లోకి పనికిరాదు, వాసనా అంతంతే. అదే మల్లె అయితే డిసెంబర్ చివర్లో నీళ్లు తగ్గించండి. జనవరిలో ఆకు దూసేసి, కొమ్మలు మోకాలెత్తుకి కత్తిరించి, మాగిన పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లు పెట్టండి. మార్చికల్లా కొత్త చిగురు, చిగురు చివర మొగ్గలు. ఒక్కసారి పెట్టిన మొక్క ఏళ్ల తరబడి ఇలాగే ఇస్తుంది.

సైనిక్‌పురి తోట:
మాస్టారూ, చూడ్డానికి పనికొస్తుంది కదండీ! అది చాలదా?

ఇంకో మాట. "మన మొక్కలు" అని గీత గీశారు కదా, అందులో బంతి పుట్టిల్లు మెక్సికో. చేమంతి చైనా నుంచి వచ్చింది. వేసవంతా మన ఊళ్లో గోడల మీద పూసే కాగితం పూలు దక్షిణ అమెరికావి. డాలియాదీ మెక్సికోనే. బంతికి లేని అభ్యంతరం డాలియాకి ఎందుకు? నేను డాలియా పూత అయిపోయాక దుంపలు తీసి, ఆరబెట్టి, ఇసుకలో నీడన దాస్తాను. సెప్టెంబర్‌లో మళ్లీ నాటుతాను. కొన్ని కుళ్లిపోతాయి, కానీ బతికినవి బాగా పూస్తాయి. పారేసే అలవాటు మనుషులది, మొక్కనేం అంటాం?

మల్కాజిగిరి మిద్దె:
అండీ, పుట్టిల్లు ఎక్కడని నేను అడగడం లేదు. మన ఎండ తట్టుకుంటుందా, వచ్చే ఏడాది మళ్లీ పూస్తుందా, లేదంటే బంతిలా ఇంట్లోనే విత్తనం కట్టుకోవచ్చా, ఇంతే నా ప్రశ్న. మీ డాలియా దుంపలు ఆ లెక్కన నెగ్గినట్టే, ఒప్పుకుంటున్నా. పెటూనియా, పాన్సీ సంగతి చెప్పండి.

నిజాంపేట్ బాల్కనీ:
అన్నా, మీకు మిద్దె ఉంది కాబట్టి మల్లె, జాజి అంటున్నారు. మాది అపార్ట్‌మెంట్, దక్షిణం వైపు బాల్కనీ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ గ్రిల్ దాటి వంటింటి గుమ్మం దాకా వస్తుంది. మార్చి నుంచి రోజురోజుకీ వెనక్కి జరుగుతుంది. మే వచ్చేసరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, పై అంతస్తు స్లాబు అడ్డం. మా కుండీల మీద అసలు ఎండే పడదు. మల్లెకి ఎండ కావాల్సింది సరిగ్గా అప్పుడే. మూడు వేసవులు పెంచాను, ఏపుగా పెరిగింది గానీ పిడికెడు మొగ్గలు కూడా ఇవ్వలేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న ఎండకి నిండుగా పూసేది నాకు పెటూనియాయే. మీ లెక్క ప్రకారం నాలాంటివాళ్లు మనీ ప్లాంట్‌తో సరిపెట్టుకోవాలా?

మణికొండ మొక్కలు:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు మార్చిలోనే చేతులెత్తేస్తుంది, ఆ తర్వాత అంతా ట్యాంకరే. వేసవిలో మిద్దె మీద మందారం కుండీకి రోజూ నీళ్లు పోయాలి, ఒక్కో రోజు రెండు పూటలా పోయాలి. పూల మొక్కల కోసం ట్యాంకర్ నీళ్లు వాడుతున్నారని మీటింగ్‌లో గొడవ కూడా అయింది. చలికాలం మొక్కలైతే నీళ్లకి కటకట మొదలయ్యే వేళకి వాటంతట అవే అయిపోతాయి. కుండీ ఖాళీ చేసి, మట్టి ఆరబెట్టి, జూన్ దాకా పక్కన పెడతాను. ఇలా చూస్తే దుబారా ఎవరిది?

మల్కాజిగిరి మిద్దె:
ఇది గట్టి మాటే. కానీ వేసవికి నీళ్లు తక్కువ అడిగే మొక్కలూ ఉన్నాయి. కాగితం పూలకి నీళ్లు ఎక్కువైతేనే పూత తగ్గుతుంది. దేవగన్నేరు, టేబుల్ రోజ్ మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా నిలబడతాయి. మందారం కుండీల మీద రెండంగుళాల మందాన ఎండాకులో కొబ్బరిపీచో పరచి, 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండ ఆపే వల) కింద పెట్టి, పొద్దున్నే నీళ్లు పోస్తే రెండో పూట అవసరం చాలా రోజులు పడదు. మొక్కలన్నీ గోడ వార నుంచి జరిపి ఒకచోట దగ్గరగా పెట్టినా తేడా తెలుస్తుంది. ఆ గోడ సాయంత్రం దాకా సెగ కక్కుతూనే ఉంటుంది.

ఉప్పల్ మాస్టారు:
మామూలు గన్నేరు కూడా ఎండకి బాగానే ఉంటుంది. కాకపోతే అది ఆకు నుంచి వేరు దాకా విషం. చిన్నపిల్లలో, కుక్కపిల్లలో తిరిగే ఇంట్లో వద్దు.

అల్వాల్ చేమంతి:
అందరూ పెటూనియా మీద పడ్డారు. చేమంతిని కూడా మనవాళ్లు అలాగే వాడేస్తున్నారు కదా. డిసెంబర్‌లో నిండుగా పూసినది కొనడం, పూలు వాడగానే పారేయడం. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అది చచ్చిపోయిన మొక్క కాదు. పూత అయ్యాక జానెడు ఎత్తుకి కత్తిరించి ఉంచితే మొదట్లోంచి పిలకలు లేస్తాయి. వేసవి అంతా నీడలో, మట్టి పూర్తిగా ఎండకుండా కాపాడాలి, కష్టమంతా ఆ రెండు నెలలే. తొలకరి పడ్డాక పిలకలు విడదీసి వేరే కుండీల్లో పెట్టాలి. కొత్త ఆకులు వేశాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆగస్టు చివరితో తుంచడం ఆపేయాలి, లేకపోతే మొగ్గ ఆలస్యమవుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. చేమంతి మొగ్గ వేయాలంటే రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉండాలి. మా మెట్ల దగ్గర లైటు తెల్లవార్లూ వెలుగుతుంది. దాని కింద పెట్టిన కుండీ డిసెంబర్ వచ్చినా పచ్చగా ఆకులతోనే ఉంది. అదే తల్లి మొక్క పిలకలు నాలుగడుగుల అవతల, పిట్టగోడ నీడలో పెట్టినవి అప్పటికే పసుపు రంగులో విరగబూశాయి. మందులు, ఎరువులు మార్చి చూసేముందు రాత్రిపూట లైటు ఎక్కడ పడుతోందో చూడండి.

సైనిక్‌పురి తోట:
పెటూనియా సంగతి అడిగారు కదా, చెప్తాను. పూసిన కుండీ కొనే పనే లేదు, విత్తనం పోయండి. ధూళి అంత సన్నగా ఉంటుంది, మట్టి కప్పకూడదు. తడి కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) మీద చల్లి పైన పల్చటి కవర్ వేస్తే చాలు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. సెప్టెంబర్ చివర్లో వాన తగలని చోట పోస్తే డిసెంబర్ చివరికి పూలు. ఒక్క ప్యాకెట్‌తో ట్రేల కొద్దీ నారు వస్తుంది.

మల్కాజిగిరి మిద్దె:
సరే. నిజాంపేట్ తమ్ముడికి, దక్షిణం బాల్కనీ వాళ్లందరికీ చలికాలం మొక్కలు తప్పవని ఒప్పుకుంటున్నా. అక్కడ ఎండ ఉండేదే అప్పుడు. విత్తనం పోసి పెంచుకునేవాళ్లతో కూడా నాకు పేచీ లేదు. కానీ రోజంతా ఎండ పడే మిద్దె ఉండి, ఒక్క మల్లె పాదు కూడా లేకుండా నెక్లెస్ రోడ్డు మేళాలో డిక్కీ నిండా పూసిన కుండీలు నింపుకొచ్చేవాళ్ల విషయంలో నా మాట మారదు.

మణికొండ మొక్కలు:
ట్యాంకర్ బిల్లు వచ్చే నెలలో నా మాట కూడా మారదండీ. దేవగన్నేరు మాత్రం ఈసారి పెట్టి చూస్తాను, కొమ్మ నాటితే వస్తుందా?

అల్వాల్ చేమంతి:
వస్తుంది. మూరెడు కొమ్మ కోసి, పాలు కారడం ఆగి కోసిన చోట ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచి, అప్పుడు నాటండి. వెంటనే నాటితే కుళ్లుతుంది. చేమంతి పిలకలు వానలు పడ్డాక విడదీస్తాను. పసుపు, తెలుపు రెండూ ఉన్నాయి, కావలసినవాళ్లు ఇక్కడే రాయండి.