అనుభవం లేకుండా చెట్లెక్కి కొమ్మలు కోసే పనిలోకి వెళ్లడం ఎలా?

తాడు, హార్నెస్ వేసుకుని పెద్ద చెట్లెక్కి కొమ్మలు కోసే పనిలో చేరాలని చూస్తున్నాను, కానీ ఎవరిని అడిగినా ముందు అనుభవం ఉందా అంటున్నారు, అది ఎవరో ఒకరు పనిలో పెట్టుకుంటేనే కదా వచ్చేది!

చైన్‌సా (మోటారుతో నడిచే గొలుసు రంపం) కోర్సు పూర్తి చేశాను. నేల మీద పడున్న దుంగలు కోయడం, గుండ్రటి ఆకురాయితో గొలుసు పళ్లకు పదును పెట్టడం, గొలుసు బిగువు సరిచూడటం వచ్చు. బోలైన్, ప్రూసిక్ అనే తాడు ముడులు చూడకుండా వేస్తాను. ఎక్కడం మాత్రం రాదు, నేర్పే మనిషి పక్కన లేకుండా ఎక్కే ఉద్దేశం కూడా లేదు.

ఈ పని చేసేవాళ్లకు ఫోన్లు చేశాను, మెసేజ్‌లు పెట్టాను, చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం కింద నిలబడి కొమ్మలు లాగి చిప్పర్‌లో (కొమ్మల్ని ముక్కలు చేసే యంత్రంలో) వేసే మనిషి కావాలన్నారు, తీరా ట్రైలర్ తగిలించిన బండి నడపడం రాదనేసరికి వద్దన్నారు.

చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. చెట్టెక్కడం, పైన చిక్కుకున్నవాళ్లను దించడం నేర్పే కోర్సు చేయాలా, లేక ట్రైలర్ డ్రైవింగ్ నేర్చుకుని ముందు కింద పనికి వెళ్లాలా? మీరు మనిషిని పెట్టుకోవాలంటే ఈ రెండింటిలో ఏది చూస్తారు?