ఉద్దానం కోసం సైకిళ్లు, మహేంద్రగిరి: పిల్లలతో ఒకే రోజులో పెట్టొచ్చా?

వంశధార_గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ బాధితుల కోసం చందా పోగు చేయడానికి జనవరి ఆఖర్లో ఒక యాత్ర అనుకుంటున్నాం. మూడు కుటుంబాలు, పదకొండు మంది. అందులో నలుగురు పది నుంచి పదమూడేళ్ల పిల్లలు. తెల్లవారుజామున నాలుగింటికి శ్రీకాకుళంలో సైకిళ్లెక్కి హైవే మీదుగా టెక్కలి, పలాస, హరిపురం, మందస. సైకిళ్లు అక్కడ పెట్టేసి మధ్యాహ్నం మహేంద్రగిరి ఎక్కి, చీకటి పడేలోగా దిగిపోవాలి. అంతా ఒక్క రోజులో అంటేనే చందాదారులు ఉత్సాహంగా ఇస్తారని సగం మంది, పిల్లలతో అది కుదరదని మిగతా సగం. అనుభవమున్నవాళ్లు చెప్పండి.

చైన్‌కవర్

కుదరదండి. లెక్క వేసి చూడండి.

శ్రీకాకుళం నుంచి పలాస డెబ్బై కిలోమీటర్ల పైమాటే. పదేళ్ల పిల్ల నిలకడగా తొక్కగలిగేది గంటకు పన్నెండు కిలోమీటర్లు. అంటే ఆరు గంటలకు పైగా పెడల్ మీదే, ఆగిన టైము వేరు. మందస చేరేసరికే మధ్యాహ్నం దాటిపోతుంది. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. మందస సముద్రానికి దగ్గర్లో, పల్లంలో ఉంది కాబట్టి ఆ ఎత్తంతా దాదాపుగా మీరు కాళ్లతో ఎక్కాల్సిందే. నడకకు గంటకి 5 కిలోమీటర్లు, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట అన్నది పర్వతారోహకుల పాత లెక్క. ఎత్తుకే రెండున్నర గంటలు పోతాయి, దారి పొడవు దానికి అదనం. ఇదీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల సంగతి. పిల్లలకు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. జనవరిలో సాయంత్రం ఐదున్నర దాటితే చెట్ల కింద చీకటే.

ఇంకోటి, గాలి. చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది, మన హైవే కూడా ఈశాన్యానికే పోతుంది. ఆ డెబ్బై కిలోమీటర్లూ ఎదురుగాలే! శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి పలాసలో దిగి, మందస, కొండ చూసుకుని, తిరుగు ప్రయాణం సైకిళ్ల మీద పెట్టుకుంటే గాలి వెనక నుంచి తోస్తుంది. సైకిళ్లను టికెట్‌తోపాటు లగేజీగా బుక్ చేయాలి, అలా అయితే మీరెక్కిన బండిలోనే వస్తాయి. పార్శిల్‌గా రాస్తే ఏ బండికి ఎక్కిస్తారో మన చేతుల్లో ఉండదు.

కొండగాలి

లెక్కలు సరే గానీ నేను ఒప్పుకోను. కష్టం కనబడితేనే జనం చెయ్యి జేబులోకి పోతుంది. రైలెక్కి పోయి కొండెక్కితే అది విహారయాత్ర అవుతుంది, దానికెవరిస్తారు? పైగా రెండు రోజులంటే పదకొండు మందికి రాత్రి బస, భోజనాలు, వెనక వచ్చే వ్యానుకి రెండో రోజు అద్దె. అదంతా చందాలోంచే కదా పోయేది.

పదమూడేళ్ల పిల్లాడు రెండు నెలలు సాధన చేస్తే డెబ్బై కిలోమీటర్లు తొక్కగలడు. వారానికి మూడు రోజులు, ఇరవైతో మొదలుపెట్టి వారం వారం ఐదేసి కిలోమీటర్లు పెంచాలి. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయి రావడమే మంచి కొలత. అది ఆగకుండా అయితే చాలు.

మందస_జీడితోట

నాలుగింటి ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడ్డం లేదేటండి? ఉద్దానంలో జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి పోయాడు. చీకట్లో, తెల్లవారుజామున తోటల్లోంచి రోడ్డు దాటుతాయవి. సైకిలు చప్పుడు చెయ్యదు, అదే ప్రమాదం. ఎలుగుకి చూపు తక్కువ, దగ్గరికొచ్చేదాకా మనిషి జాడ తెలీదు, తెలిసేసరికి బెదిరి మీద పడతది. గుంటల్ని (పిల్లల్ని) తీసుకెళ్తే తెల్లారాకే కదలండి. గంట కొట్టుకుంటూ, గుంపుగా పోవాలి. కొండ దారిలోనూ అంతే, మాట్లాడుకుంటూ నడవండి. ముందు ఒక పెద్ద, ఆఖర్న ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. ఒక్కళ్లనీ వెనక్కి వదలొద్దు.

శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. మనవైపు అటవీశాఖతో మాట్లాడుకుంటే సరిపోదు, అటువాళ్ల అనుమతీ కావాలి. దారి తెలిసిన సవర గిరిజనుల ఊళ్ల మనిషిని కూలి ఇచ్చి వెంట పెట్టుకోండి. శివరాత్రికి జనం దారి పొడుగునా ఉంటారు, మామూలు రోజుల్లో అడిగేవాడు దొరకడు. ఒడిశా వైపు నుంచి పైకి దగ్గరదాకా రోడ్డుంది. పిల్లలకి కాలు బెణికితే దింపడానికి బండి ఆ వైపే రాగలదు, ముందే మాట్లాడి ఉంచండి.

తెల్లకోటు

చందా సంగతి పక్కన పెట్టి ఒంటి సంగతి చెబుతాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోవడం కూడా అనుమానితాల్లో ఒకటి. అలాంటి జబ్బు పేరు మీద యాత్ర పెట్టుకుని, మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగుతూ పోవడం చాలా తప్పు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా శరీరం చేసుకునే ఏర్పాటుని ఈ మాత్రలు దెబ్బతీస్తాయి. మీ మందుల పెట్టెలో అవి అసలు ఉండకూడదు. నొప్పికి పారాసెటమాల్ చాలు, పిల్లలకు బరువుని బట్టి.

వట్టి నీళ్లు లీటర్లకి లీటర్లు తాగించడమూ మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక మాటలు దాని గుర్తులు. ఓఆర్ఎస్ పెద్ద (లీటరు) ప్యాకెట్ ఒకటి సరిగ్గా ఒక లీటరులో కలపాలి. అర లీటరులో కలిపితే చిక్కనై విరేచనాలు పట్టుకుంటాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి తల కొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. దారంతా కొబ్బరిబొండాలు దొరుకుతాయి, తాగించండి. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పక్కన ఉప్పు వేసిన అటుకులో, పులిహోరో ఉండాలి. మూడు గంటలకి ఒకసారైనా పిల్లలు ఒంటికి పోతున్నారా, రంగు ముదురు పసుపుగా ఉందా అడగండి. ముదురుగా ఉంటే ప్రయాణం ఆపాల్సిందే, శిఖరం ఎంత దగ్గరున్నా సరే.

చందా దేనికో కూడా తేల్చుకోండి. డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. చికిత్సకి డబ్బు కట్టక్కర్లేనివాళ్లకి కూడా ఆటో ఛార్జీ, తోడొచ్చినవాళ్లకి పోయిన కూలీ మీదపడతాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి గానీ, లోపలి ఊళ్ల నుంచి అక్కడికి చేరడమే కొందరికి భారం. ఫలానా ఊరి పదిమందికి ఆరు నెలల ఆటో ఖర్చు అని చెప్పి అడిగితే ఇచ్చేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. అప్పుడు ఒకే రోజు అనే ఆర్భాటం అక్కర్లేదు.

లెక్కలపద్దు

కొండగాలి గారి ఖర్చు మాట నిజమే, దానికి ఉపాయముంది. బస, భోజనం, వ్యాను ఎవరి కుటుంబం ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. చందాలోంచి పైసా తీయబోమని ముందే రాసి పెట్టండి. సొంత ఖాతాలో డబ్బు వేయించుకోవద్దు. ఆదాయపు పన్ను శాఖ 80జీ గుర్తింపు ఉన్న సంస్థకి నేరుగా పంపిస్తే, ఇచ్చినవాళ్లలో పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి పన్ను మినహాయింపు వస్తుంది. నగదు 2000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు లేదు, కాబట్టి యూపీఐ, చెక్కు అడగండి.

కొండగాలి

ఖర్చు విషయంలో సరే. పెద్దవాళ్లు మాత్రం మొత్తం సైకిలు మీదే రావాలంటాను. పిల్లలు రైల్లో పలాస రానివ్వండి, అక్కణ్ణుంచి మందసదాకా తొక్కుతారు, రాత్రి పడుకుని పొద్దున్నే అందరూ కలిసి కొండ. ఎదురుగాలి పెద్దవాళ్లకి తగలాలి, దాని పేరు మీదే కదా అడుగుతున్నాం.

వంశధార_గట్టు

అదే ఖాయం చేస్తున్నాం. రెండు రోజులు, పిల్లలు రైల్లో. పిల్లల సైకిళ్లలో రెండింటికి గేర్లు లేవు, అవి 24 అంగుళాలవి. వాటితో ఫర్వాలేదా?

చైన్‌కవర్

చైను చక్రాల పళ్లు లెక్కపెట్టండి. ముందు 44, వెనక 18 ఉంటే ఒక్క చుట్టు తొక్కుడుకి నాలుగున్నర మీటర్లకి కాస్త పైగా పోతుంది. గంటకు పన్నెండు వేగానికి నిమిషానికి నలభై మూడు చుట్లే. ప్రతి తొక్కూ బరువుగా పడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. వెనక ఫ్రీవీల్ 22 పళ్లది వేయించండి, చైను లింకులు పెంచాల్సి రావచ్చు. అప్పుడు యాభై మూడు చుట్లకి వస్తుంది. సీటు ఎత్తు: మడమ కింది పెడల్ మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. బ్రేకు లివర్ పిల్లల వేళ్లకి అందదు. లివర్ మొదట్లో చిన్న స్క్రూ ఉంటుంది, లోపలికి తిప్పితే హ్యాండిల్‌కి దగ్గరవుతుంది.

ట్యూబుల సంగతి ముఖ్యం. పల్లెటూరి సైకిలు షాపులో 28 అంగుళాల మామూలు ట్యూబు ఉంటుంది, 24, 27.5 దొరకవు. ఎవరి సైజు వాళ్లు రెండేసి తెచ్చుకోవాలి. పాత సైకిలు వాల్వుకి పట్టే పంపు గేరు సైకిలుకి పట్టదు. రెండు రకాల మూతీ ఉన్న పంపు వ్యానులో ఒకటి, ముందు పోయేవాళ్ల దగ్గర ఒకటి. పాత వాల్వు ఉన్న సైకిళ్లకి వాల్‌ట్యూబు రబ్బరు ఒక జానెడు ముక్క జేబులో వేసుకోండి. ఎండకి అది చీలితే పంక్చర్ లేకుండానే గాలి పోతుంది, కారణం కనబడక గంట పోతుంది.

మందస_జీడితోట

పిల్లల కాలి గోళ్లు ముందురోజు కత్తిరించండి. దిగుడులో వేళ్లు బూటు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. దిగేటప్పుడే లేసులు బిగించి కట్టాలి, ఎక్కేటప్పుడు కాదు.