అమ్మది పొద్దున షిఫ్టు, 22 నెలల పాపను రెడీ చేయడం నాన్న పని: 6:30 నుంచి 8:45 వరకు ఎలా నడపాలి?

నిజాంపేట_నాన్న:
అందరికీ నమస్తే. వచ్చే నెల నుంచి మా ఆవిడ ఆస్పత్రి డ్యూటీకి 5:45కే బయల్దేరాలి. పాపకు 22 నెలలు, బరువు 10.5 కిలోలు. లేపడం, తినిపించడం, లాల పోయడం, తల దువ్వడం, స్కూటర్ మీద నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్లి క్రెష్‌లో దించడం, అన్నీ నావే. 8:45కి క్రెష్ గేటు దగ్గరుంటేనే 9:30కి ఆఫీసుకు అందుకుంటాను.

ఇబ్బందులు ఇవీ. టిఫిన్ రెండు ముద్దలు తిని నోరు బిగించేస్తుంది. పాలు మాత్రం రోజుకు 250 మి.లీ. సీసా మూడుసార్లు తాగుతుంది. దువ్వెన చూస్తే చాలు, పరుగు. డైపర్ దగ్గర ఎర్రగా ఉంటోంది. ఆడపిల్లను కడిగే పద్ధతి సరిగా తెలుసుకోవాలని ఉంది. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకోవచ్చా? క్రెష్ గేటు దగ్గర ఏడుస్తుంటే చూడకుండా వచ్చేయమంటున్నారు, అది మంచిదేనా? ‘మెల్లగా అలవాటవుతుంది’ అని వదిలేయకుండా ఏది ఎంత, ఏ వరుసలో చేయాలో చెప్పండి.

రాగిజావ:
ముందు పాల లెక్క సరిచేయండి. రోజుకు 750 మి.లీ. పాలు తాగే పిల్లకు ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? ఈ వయసుకు 400 నుంచి 500 మి.లీ. దాటకూడదు. పాలల్లో ఇనుము చాలా తక్కువ, పైగా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పాలమీదే బతికే పిల్లలు చూడ్డానికి బొద్దుగానే ఉంటారు, రక్తం మాత్రం తక్కువుంటుంది. పాప మరీ పాలిపోయినట్టుంటే, మట్టి, సున్నం లాంటివి నోట్లో పెట్టుకుంటుంటే ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి.

ఒక్కసారిగా మాన్పించకండి. మధ్యాహ్నం సీసాలో మూడు రోజులకోసారి 50 మి.లీ. చొప్పున తగ్గించుకుంటూ పోతే రెండు వారాల్లో ఆ సీసా పోతుంది. పొద్దున లేవగానే 100 నుంచి 120 మి.లీ. చాలు, అదీ చిన్న గ్లాసుతో. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పై పళ్ళు పుచ్చుతాయి. పాలు అయ్యాక పళ్ళు తోమి పడుకోబెట్టండి.

6:40కి పాలు, 7:30కి టిఫిన్. ఆ యాభై నిమిషాల ఎడం తప్పనిసరి; పాలు తాగిన పావుగంటకే ఇడ్లీ పెడితే తినదు. ఒకటిన్నర ఇడ్లీ చిదిపి నెయ్యి వేయండి, కారం లేని కందిపొడి చిటికెడు. లేదా ఒక గుడ్డు. లేదా రాగిజావ: రెండు పెద్ద చెంచాల పిండిని ముందు పావు గ్లాసు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న ముప్పావు గ్లాసు నీళ్ళలో పోస్తూ తిప్పాలి. సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు, జావ నిగనిగలాడే దాకా. పిండి నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. ఆ ఉండ ఒకటి నాలుక మీద పడిందంటే మర్నాడు గిన్నె చూడగానే మొహం తిప్పేస్తుంది.

20 నిమిషాలు చూసి ప్లేటు తీసేయండి. బలవంతంగా కుక్కొద్దు, వెనకాలే తిరుగుతూ పెట్టొద్దు, ఫోన్ చూపిస్తూ అసలే వద్దు. ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో తెలియదు, రేపు ఫోన్ లేకపోతే నోరు తెరవదు. మిగిలింది డబ్బాలో పెట్టి క్రెష్‌లో ఇవ్వమనండి. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు బిస్కెట్ టీలో ముంచి పెడుతుంటారు, అది ఆపించండి. టీ కూడా ఇనుమును పట్టనివ్వదు. పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అదే పప్పులోని ఇనుము బాగా ఒంటబడుతుంది.

డబ్బాలో వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు. పల్లీలు గింజలుగా నాలుగేళ్ళు నిండాకే.

రెండుజడలు:
తమ్ముడూ, పొద్దున పనులు తగ్గాలంటే లాల రాత్రికి మార్చు. రాత్రి 7:30కి లాల, తర్వాత బువ్వ, 8:30కి జోజో. పొద్దున గోరువెచ్చని తడిగుడ్డతో మొహం, మెడ, చంకలు, చేతులు తుడిస్తే చాలు. పాతిక నిమిషాలు మిగులుతాయి. 6:30కి లేవాలన్నా 8:30కి పడుకోవాల్సిందే. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లే పొద్దున ప్రతిదానికీ పేచీ పెడుతుంది.

బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాత వేడినీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి చూడు. వేళ్ళకు వేడి తెలియదు, అలవాటుపడిపోయి ఉంటాయి. రాడ్ హీటరుతో నీళ్ళు కాచే ఇల్లయితే పాప మేలుకున్నప్పుడు అది ప్లగ్గులో ఉండనే కూడదు. లాల అయ్యాక బకెట్ బోర్లించాలి. రెండంగుళాల నీళ్ళు చాలు ప్రమాదానికి; ఈ వయసులో తల బరువెక్కువ, తొంగిచూస్తూ తలకిందులైతే మళ్ళీ లేవలేరు.

ఇక జడ. 22 నెలల జుట్టుకు జడలెందుకు, రెండు పిలకలు చాలు. తినే కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నప్పుడే వెనక నిలబడి వేసెయ్. ఎదురుగా దువ్వెనతో వెళితే పరిగెడుతుంది. అరచేతిలో రెండు మూడు చుక్కల కొబ్బరినూనె రుద్ది కొసలకు రాయి. కుదుళ్ళ దగ్గర జుట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకో, కుడి చేత్తో కొసలనుంచి మొదలుపెట్టి పైకి దువ్వుతూ రా. ఆ పట్టు ఉంటే చిక్కు లాగినా మాడుకు తెలియదు. పైనుంచి కిందికి దువ్వితే చిక్కులన్నీ కొసకు చేరి ముడిపడతాయి, అప్పుడే కేక.

రబ్బరుబ్యాండు గుడ్డ చుట్టింది వాడు. సన్నటి రంగురంగుల రబ్బర్లు జుట్టుతోపాటు ఊడొస్తాయి, క్రెష్‌లో ఊడిపోతే నోట్లో పెట్టుకుంటారు కూడా. పూసలున్న క్లిప్పులూ అంతే. పిలక బిగించాక కనుబొమ్మ పైకి లాగినట్టు కనిపిస్తే బిగువెక్కువైనట్టు. చెవులకు కమ్మలుంటే టీషర్టు తలమీదుగా లాగేటప్పుడు చిక్కుకుంటుంది. ముందు బొత్తాలున్న గౌను సుఖం.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
డైపర్ సంగతి. లేవగానే మొదటి పని రాత్రి డైపర్ తీయడం, పాలకన్నా ముందు. పగలు మూడు నాలుగు గంటలకోసారి, దొడ్డికి వెళితే వెంటనే మార్చాలి.

ఆడపిల్లను ఎప్పుడూ ముందునుంచి వెనక్కే కడగాలి, తుడవాలి. వెనకనుంచి ముందుకు తెస్తే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆడపిల్లల్లో ఆ దారి చాలా పొట్టిది. మామూలు నీళ్ళు చాలు. లోపల సబ్బు, సున్నిపిండి ఏవీ పెట్టొద్దు. మడతల్లో తెల్లగా పలచని పూత కనిపిస్తే కంగారుపడి రుద్దకండి, అది సహజం. మలం అంటితే మాత్రం తడి దూదితో మెల్లగా తీయండి. ఇది నాన్నలు మొహమాటపడాల్సిన పని కాదు. క్రెష్‌లో ఆయా ఏ వైపు నుంచి తుడుస్తుందో కూడా నిలబడి అడగండి.

కడిగాక అద్ది, ఐదు పది నిమిషాలు గాలికి వదిలేయండి. జింక్ ఆక్సైడ్ క్రీము గోడకు సున్నం వేసినట్టు మందంగా పూయాలి, పలచగా రాస్తే ఉపయోగం లేదు. మలం అంటినప్పుడు పైపొర తుడిచి మళ్ళీ పూయండి, మొత్తం గీకేయొద్దు. పౌడర్ వద్దు, ఊపిరిలోకి పోతుంది. తొడ మడతల్లోపల బాగా ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చిన్న చుక్కల్లా ఉంటే అది ఫంగస్. జింక్‌తో తగ్గదు, డాక్టరుకు చూపించి దాని క్రీము తెచ్చుకోవాలి.

తొడల దగ్గర కారుతుంటే డైపర్ తప్పు అనుకోకండి. లోపలి కుచ్చు లోపలికి మడతపడి ఉంటుంది, వేలితో బయటికి తీయండి. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరాలి.

జలుబు, దగ్గు ఏమీ లేకుండా ఉత్త జ్వరం వస్తే ఆడపిల్లకు మూత్ర పరీక్ష చేయించాలని గుర్తుపెట్టుకోండి.

హెల్మెట్_బాబాయ్:
ముందు నిలబెట్టుకోవద్దు. సడన్ బ్రేక్ పడితే పాప మొహం సరిగ్గా హ్యాండిల్ ఎత్తులో ఉంటుంది. పైగా బండి స్టార్ట్‌లో ఉండగా ఎక్కిస్తుంటే పిల్లలు పట్టుకునేది ఎక్సలేటరే. ఎక్కించేముందు, దించేముందు తాళం తిప్పి ఆపేయడం చేతికి అలవాటు కావాలి.

నాలుగేళ్ళలోపు పిల్లలకు బండి మీద సేఫ్టీ హార్నెస్, 9 నెలలనుంచి నాలుగేళ్ళ వరకు సొంత హెల్మెట్, వేగం 40 దాటకపోవడం: కేంద్రం 2022లో ఇచ్చిన నిబంధన ఇది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. హార్నెస్ అంటే పాపకు తొడిగే జాకెట్ లాంటిది, దాని పట్టీలు నడిపేవాళ్ళ భుజాలకు తగులుకుంటాయి. 30 కిలోలు మోసేది కావాలి. కొన్నాక ఇంట్లోనే తొడిగి, పట్టీ పట్టుకుని గట్టిగా లాగి చూడండి; జారితే మార్చేయండి. హెల్మెట్ కొనేముందు కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలవండి. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని వదులుది కొంటే బ్రేకు వేసినప్పుడల్లా కళ్ళమీదికి జారుతుంది. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరితే చాలు.

సాయంత్రమే అసలు కష్టం. 6:30కి పిల్ల తూగుతుంటుంది, నిద్రపోతే మెడ వాలిపోయి ఒళ్ళంతా ఒకవైపుకు ఒరుగుతుంది. కళ్ళు మూతలు పడుతుంటే ఆ రోజుకు ఆటో ఎక్కండి. వానాకాలం కూడా అంతే.

రెండుజడలు:
గేటు దగ్గర ఏడుపు గురించి ఎవరూ చెప్పలేదు. చూడకుండా జారుకోవద్దు. రేపటినుంచి నువ్వు పక్కగదిలోకి వెళ్ళినా ఏడుస్తుంది, ఎప్పుడు మాయమవుతావో అని. రోజూ ఒకే ఆయా చేతికివ్వు. ఒకే మాట చెప్పు: ‘బువ్వ తిని, జోజో పోయి, పాలు తాగాక నాన్న వస్తాడు.’ పిల్లకు గంటలు తెలియవు, బువ్వా జోజో తెలుస్తాయి. ఒక ముద్దు, టాటా, వెనక్కి తిరగకుండా వచ్చెయ్. రెండు నిమిషాలు మించొద్దు. ఏడుపు చూసి మళ్ళీ లోపలికి వెళితే రేపు ఇంకాసేపు ఏడుస్తుంది. పావుగంటయ్యాక ఫోన్ చేసి కనుక్కో. వచ్చే నెలే మొదలంటున్నావు కాబట్టి ముందు వారం మీ ఆవిడ ఇంట్లో ఉండగానే మొత్తం వరుస నువ్వే నడుపు, తను అడ్డు రాకూడదు.

నిజాంపేట_నాన్న:
చాలా థ్యాంక్స్. రాత్రే బ్యాగు సర్దాలనుకుంటున్నాను: డైపర్లు నాలుగు, బట్టలు రెండు జతలు, క్రీము, గ్లాసు, డబ్బా. జ్వరం వస్తే వేయడానికి పారాసెటమాల్ కూడా ఇవ్వమంది క్రెష్. ఇంట్లో డ్రాప్స్ ఉన్నాయి, కొత్తగా సిరప్ తెచ్చాను. రెండూ ఒకే కొలతేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
కాదు, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక డోసుకు కిలోకు 15 మి.గ్రా., అంటే మీ పాపకు సుమారు 150 మి.గ్రా. సీసా మీద 250 అని ఉంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. కాబట్టి 3 మి.లీ. 120 అని ఉన్న సిరప్ అయితే 6 మి.లీ. చిన్న డ్రాప్స్ సీసాలో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, కాబట్టి ఒకటిన్నర మి.లీ. సిరప్ అనుకుని డ్రాప్స్ 6 మి.లీ. పోస్తే నాలుగింతలు పడుతుంది, లివరు దెబ్బతింటుంది. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

మీ డాక్టరుతో ఒకసారి డోసు రాయించుకోండి. క్రెష్‌కు ఒకే సీసా ఇవ్వండి. దానిమీద తెల్ల ప్లాస్టర్ అంటించి పాప పేరు, బరువు, ఎన్ని మి.లీ. అన్నది పెన్నుతో రాయండి. వంటింటి చెంచా కాదు, సిరంజి ఇవ్వండి. 100.4 దాటితే ముందు మీకు ఫోన్ చేయమనండి, ఇంట్లో పొద్దున డోసు వేశారో లేదో వాళ్ళకు తెలియదు కదా. వేసిన రోజు అదే ప్లాస్టర్ మీద టైమ్ రాసి పంపండి.